ఫూజీ మీద సూర్యోదయమా? వెనక్కి కూడా ఓసారి చూడండి

జపాన్ వెళ్లి ఫూజీ ఎక్కేవాళ్లలో చాలామందికి శిఖరం కన్నా సూర్యోదయమే ముఖ్యం. కొండెక్కే దారుల్లో ఒకటైన యోషిదా దారిలో బస్సులు ఐదో స్టేషన్ అనే మజిలీ దాకా వెళ్తాయి, అది సుమారు 2,300 మీటర్ల ఎత్తు. అక్కణ్ణుంచి నడక. మధ్యలో ఏదో ఒక బసలో కాసేపు నడుం వాల్చి, అర్ధరాత్రి దాటాక లేచి, తలకు లైటు కట్టుకుని, ముందువాళ్ల మడమలు చూసుకుంటూ 3,776 మీటర్ల శిఖరం చేరతారు. జులైలో పైన నాలుగున్నరకల్లా సూర్యుడు వచ్చేస్తాడు మరి.

కింద టోక్యోలో ఉక్కపోతకు చొక్కా ఒంటికి అంటుకుపోతుంటే, పైన జులై సగటు ఉష్ణోగ్రత 5 డిగ్రీల దగ్గరే. గాలి పైకి వెళ్లేకొద్దీ ఒత్తిడి తగ్గి వ్యాకోచిస్తుంది, ఆ పనిలో తన వేడినే ఖర్చుపెట్టుకుంటుంది. అందుకే కిలోమీటరుకు సగటున ఆరున్నర డిగ్రీలు పడిపోతాయి. ఆక్సిజన్ సంగతీ అంతే, దాని వాటా పైన కూడా 21 శాతమే, కానీ గాలి ఒత్తిడి కింద ఉన్నదాంట్లో మూడింట రెండొంతులే కాబట్టి ఒక్కో ఊపిరికి అందేది తక్కువ. బస ఖర్చెందుకని రాత్రంతా ఆగకుండా ఎక్కేసేవాళ్లకు తలనొప్పి, వాంతులు పట్టుకునేది ఇందుకే. 2025లో యోషిదా దారిలో, బస బుక్ చేసుకోనివాళ్లకు మధ్యాహ్నం 2 నుంచి తెల్లవారుజాము 3 దాకా గేటు మూసేశారు. మంచి పని చేశారు.

దారంతా కాళ్ల కింద గరగరలాడే రాళ్లు. ఒకటి తీసి లైటు కింద పెట్టి చూస్తే ఒళ్లంతా చిల్లులే. ఫూజీ అగ్నిపర్వతం కదా. లావాలో కరిగి ఉన్న వాయువులు ఒత్తిడి తగ్గగానే బుడగలై పొంగుతాయి, అవి బయటికి పోయేలోపే లావా గడ్డకట్టేస్తుంది. వేడిగా ఉన్నప్పుడే గాలి తగిలి ఇనుము తుప్పుపట్టిన రాళ్లు ఎర్రగా, మిగతావి నల్లగా ఉంటాయి. చూసి అక్కడే పెట్టేయండి, అది నేషనల్ పార్క్. ఫూజీ చివరిసారి బద్దలైంది 1707లో. అప్పటి బూడిద ఎదో నగరం దాకా, అంటే ఇప్పటి టోక్యో దాకా, వెళ్లి పడింది.

ఇక సూర్యోదయం. అంత ఎత్తు నుంచి, అడ్డేమీ లేకపోతే, చూపు 220 కిలోమీటర్లకు పైగా పోతుంది. క్షితిజం మన కంటి మట్టానికి దాదాపు రెండు డిగ్రీలు కిందికి దిగుతుంది కాబట్టి సముద్రమట్టంలో ఉన్నవాళ్ల కన్నా ఓ పది నిమిషాలు ముందే సూర్యుడు కనిపిస్తాడు. అదీ నిజమైన సూర్యుడు కాదు! వాతావరణం కాంతిని వంచడం వల్ల, బింబం అడుగు క్షితిజాన్ని తాకినట్టు కనిపించే క్షణానికి అసలు సూర్యుడు పూర్తిగా దాని కిందే ఉంటాడు.

అందరూ ఫోన్లు తూర్పుకే ఎత్తుతారు. నన్నడిగితే అసలు తమాషా పడమట ఉంది. సూర్యుడు రాకముందు అక్కడ క్షితిజం మీద ముదురు నీలం పట్టీ, దానిపైన గులాబీ రంగు పట్టీ కనిపిస్తాయి. ఆ నీలం భూమి నీడే, వాతావరణం మీద పడి కనిపిస్తోంది. ఎండ పడగానే అది కిందికి జారిపోతుంది, దాని చోట ఫూజీ నీడ మేఘాల మీద, మసక గాలి మీద పదుల కిలోమీటర్లు సాగుతుంది. వింతేంటంటే ఫూజీ నెత్తి కోసేసినట్టు బల్లపరుపుగా ఉన్నా నీడ మాత్రం కొన తేలిన త్రికోణం. నిజానికి ఆ నీడ అంచులు దాదాపు సమాంతరంగానే పోతాయి, దూరంగా పోయే రైలు పట్టాలు కలిసిపోయినట్టు అనిపిస్తాయి చూడండి, అదే కథ. కొండ ఏ ఆకారంలో ఉన్నా, దాని శిఖరం మీద నిలబడి చూస్తే నీడ త్రికోణంగానే కనిపిస్తుంది.

కాకపోతే చిన్న చిక్కు. యోషిదా దారి చేరేది కొండ నెత్తిన ఉన్న అగ్నిపర్వత బిలం తూర్పు అంచుకి, నీడ కనబడేది పడమటి అంచు నుంచి. బిలం చుట్టూ దారి సుమారు మూడు కిలోమీటర్లు. అవతలి వైపున కెన్‌గమినే ఉంది, ఫూజీలో అన్నిటికన్నా ఎత్తైన చోటు అదే, 1964లో వాతావరణ రాడార్ పెట్టింది కూడా అక్కడే. గాలి మరీ ఉధృతంగా లేకపోతే సూర్యోదయం అయ్యాక మెల్లగా అటు నడవండి. మీరు చేరేసరికి నీడ కాస్త పొట్టిదవుతుంది, కానీ ఇంకా అక్కడే ఉంటుంది.