రాతి మీద రెండు వందల గుడ్లు

ఆదివారం పొద్దున మేత వేయడానికి ట్యాంకు దగ్గరికి వెళితే ఆరు చేపల్లో నాలుగే పైకి వచ్చాయి. మిగిలిన రెండూ మూలనున్న చదునైన నల్లరాయిని నోటితో గీకుతున్నాయి. ఒకటి గీకి పక్కకు తప్పుకుంటే, రెండోది వచ్చి అక్కడే గీకుతోంది. నాచు తింటున్నాయేమో అనుకున్నాను. మధ్యాహ్నానికి సంగతి అర్థమైంది. ఆడది పొట్టను రాతికి ఆనించి మెల్లగా ముందుకు జరుగుతుంటే దాని వెనక గుడ్ల వరస పడుతోంది. మగది అదే దారిలో వెనకాలే వస్తోంది. చూస్తుండగానే రాతి మీద రెండు వందల దాకా గుడ్లు. ఒక్కో గుడ్డూ సన్నని కాడతో రాతికి అతుక్కుని ఉంది. తల్లి దగ్గరికొచ్చి రెక్క ఆడించగానే గుడ్లన్నీ గాలికి వరి కంకుల్లా ఒకేసారి ఊగాయి.

సోమవారం రాత్రికి ఒక్క గుడ్డూ లేదు. రెండూ కలిసి తినేశాయి.

ఈ చేపల పేరు ఆరెంజ్ క్రోమైడ్. అరచేతిలో పట్టేంత చేప, పండిన నారింజ రంగు, ఒంటి మీద చిన్న చిన్న ఎర్ర చుక్కలు. సిక్లిడ్ కుటుంబానికి చెందినది. సిక్లిడ్లలో ఇప్పటిదాకా గుర్తించిన జాతులే 1,700కు పైగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఆఫ్రికా సరస్సుల్లోనూ దక్షిణ, మధ్య అమెరికా నదుల్లోనూ ఉంటాయి. షాపుల్లో మనం చూసే ఏంజెల్, డిస్కస్, ఆస్కార్ అన్నీ ఈ కుటుంబానివే. చెరువుల్లోని తిలాపియా కూడా సిక్లిడ్డే. అది 1952లో మన దేశానికి బయటి నుంచి వచ్చింది. అచ్చంగా భారతదేశపు సిక్లిడ్లు మాత్రం మూడే మూడు జాతులు: ఈ ఆరెంజ్ క్రోమైడ్, కర్ణాటక నదుల్లో ఉండే కెనరా పెర్ల్‌స్పాట్, మలయాళీలు కరిమీన్ అని ప్రాణంగా తినే గ్రీన్ క్రోమైడ్. కరిమీన్‌ని 2010లో కేరళ తన రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. అది మన పులికాట్ సరస్సులోనూ దొరుకుతుంది.

వీటికి అతి దగ్గరి చుట్టాలు ఎక్కడున్నాయో తెలుసా? మడగాస్కర్‌లో! ఇండియా, మడగాస్కర్ దాదాపు 8.8 కోట్ల ఏళ్ల కిందట విడిపోయాయి. ఈ చేపల పూర్వీకులు ఆ విడిపోయే నేల మీదే ఉండి రెండు వైపులా మిగిలిపోయాయా, లేక తర్వాతెప్పుడో సముద్రం దాటి వచ్చాయా అన్న వాదన శాస్త్రవేత్తల మధ్య ఇంకా తెగలేదు. ఉప్పునీటిని కొంత తట్టుకోగల చేపలు కాబట్టి రెండో మాటనూ కొట్టిపారేయలేం.

మొదటిసారి సిక్లిడ్లతో పిల్లలు పెట్టించాలనుకునేవాళ్లకి నేను ఈ చేపనే చెబుతాను. కారణం నీళ్లు. డిస్కస్‌కి లవణాలు తక్కువున్న మెత్తటి నీళ్లు కావాలి, అంటే ఆర్‌వో మిషను, రోజూ పరీక్షలు, టెన్షన్. క్రోమైడ్ తీరప్రాంతపు చేప. సముద్రపు ఉప్పు కలిసే కయ్యల్లోనూ, నదుల చివర్లలోనూ పెరుగుతుంది. తెల్లటి పొరలు కట్టే మా హైదరాబాద్ బోరు నీళ్లు దానికి బాగానే సరిపోయాయి. లీటరుకి ఒక గ్రాము చొప్పున రాళ్ల ఉప్పు వేశాను, అంతే. ఫిల్టర్‌లో మంచి బ్యాక్టీరియా స్థిరపడటానికి మాత్రం నెల రోజులైనా ఆగాలి. చేప విసర్జించే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేది ఆ బ్యాక్టీరియానే. ఈ నెల రోజుల ఓపిక లేక పోయే చేపలే ఎక్కువ.

ఇక జత విషయం. క్రోమైడ్లలో ఆడా మగా చూసి చెప్పడం చాలా కష్టం. షాపువాడు "ఇది మగ, ఇది ఆడ" అని రెండు చేపలు కవర్లో వేసిస్తే నమ్మకండి. ఆరు చిన్న చేపలు తెచ్చి మూడడుగుల ట్యాంకులో కలిపి పెంచండి. వాటంతట అవే జత కుదుర్చుకుంటాయి. ఈ ఇష్టాయిష్టాల సంగతి ఊరికే అనడం లేదు. ఫ్రాన్స్‌లోని బర్గండీ విశ్వవిద్యాలయం వాళ్లు కాన్విక్ట్ అనే మరో సిక్లిడ్ మీద ప్రయోగాలు చేసి 2019లో వివరాలు ప్రచురించారు. ఏ రంగు పెట్టెలో మేత ఉంటుందో, ఏ రంగుది ఖాళీదో ఆడచేపలకు ముందు నేర్పించారు. తర్వాత ఆ రెండు రంగులకీ మధ్యలో, ఎటూ తేలని రంగు పెట్టెను వాటి ముందు పెట్టారు. తాను ఎంచుకున్న మగచేపను దూరం చేశాక, ఆడచేప ఆ పెట్టెను తెరవడానికి అంతకు ముందుకన్నా ఎక్కువసేపు తీసుకుంది. ఏదో మంచే ఉంటుందన్న ఆశ దానిలో తగ్గిందన్నమాట. చేపకు మనసేంటి అనేవాళ్లకి నేను ఈ ప్రయోగం గురించే చెబుతాను.

మరి అంత ఇష్టపడి జతకట్టినవి గుడ్లెందుకు తిన్నాయి? చాలా రోజులు నాకూ బాధగానే ఉండేది. అది క్రూరత్వం కాదు. గుడ్లను కాపాడుకునే కాలంలో ఈ చేపలు సరిగా తినవు, రాయి వదిలి కదలవు. పిల్లలు దక్కే అవకాశం లేదనిపిస్తే ఆ గుడ్లలోని పోషకాలను తిరిగి ఒంట్లోకి తీసుకుని, వచ్చేసారికి బలం దాచుకోవడమే వాటికి లాభం. ఆ అవకాశాన్ని పాడుచేసింది నేనే. మిగతా నాలుగు చేపల్నీ ట్యాంకులోనే ఉంచాను. రాత్రి టార్చ్ వేసి పదిసార్లు ఫోటోలు తీశాను. తల్లిదండ్రుల కళ్లకి అది చుట్టూ శత్రువులున్న చోటు.

నెల తిరగక ముందే మళ్లీ అదే రాతి మీద గుడ్లు పెట్టాయి. ఈసారి మిగతా చేపల్ని వేరే ట్యాంకుకి మార్చాను, మూడు వైపులా అద్దానికి నల్లకాగితం అంటించాను. మూడో రోజుకి భూతద్దంలో చూస్తే ఒక్కో గుడ్డులో రెండు నల్లటి కళ్లు! తెల్లబడిన గుడ్లను, అంటే ఫలదీకరణ జరగనివాటిని, తల్లి ఒక్కొక్కటిగా ఏరి తీసేసింది. బూజు పక్క గుడ్లకు పాకకుండా అది చేసే పని ఇది. అదే సమయంలో మగది ఇసుకలో చిన్న చిన్న గుంటలు తవ్వింది. అయిదో రోజు గుడ్లు పొదిగాక పిల్లల్ని నోట్లో పెట్టుకుని ఆ గుంటల్లోకి మార్చాయి. ట్యాంకు అడుగున సన్నని ఇసుక ఎందుకుండాలో నాకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత మరో అయిదారు రోజులకు పిల్లలు ఈదడం మొదలుపెట్టాయి. ఆ సమయానికి తల్లిదండ్రుల పొట్ట కిందిభాగం, పొట్ట రెక్కలు నల్లబడి ఉన్నాయి. నీడ కదిలినా చాలు, పెద్దచేప ఆ నల్ల రెక్కల్ని టపటపా విదిలిస్తుంది. పిల్లలన్నీ ఒక్క క్షణంలో దాని పొట్ట కింద గుంపు కడతాయి. రెక్క ఆడించడం ఇక్కడ పిలుపు.

ఇంకా గొప్ప సంగతి, పిల్లలు తల్లి ఒంటి మీదికి దూసుకొచ్చి, తాకి, పక్కకు జారిపోవడం. మొదట ఆట అనుకున్నాను. కానీ ఆ తాకుళ్లలో అవి చేప చర్మం మీది జిగురును తింటున్నాయి. జాక్ వార్డ్, జార్జ్ బార్లో అనే పరిశోధకులు 1967లోనే క్రోమైడ్ పిల్లల ఈ అలవాటు గురించి వివరంగా రాశారు. డిస్కస్ పిల్లలదీ ఇదే పద్ధతి. డిస్కస్ జిగురులో ప్రోటీన్లతో పాటు రోగనిరోధక యాంటీబాడీలూ ఉంటాయని 2010లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఆ జిగురు ఊరడానికి తోడ్పడే ప్రొలాక్టిన్ హార్మోను మన తల్లులకు పాలు పట్టించేదే. పావురం గొంతులో పిల్లల కోసం ఊరే పాల వెనకా ఉన్నది అదే. చేపకీ, పావురానికీ, మనిషికీ బిడ్డను పోషించడానికి ఒకే హార్మోను పనికొస్తోందని తెలిశాక నేను ఆ ట్యాంకును చూసే తీరే మారిపోయింది. గుడ్లు పెట్టగానే రాయి తీసేసి విడిగా పొదిగించమని చాలామంది సలహా ఇస్తారు. లెక్కకు ఎక్కువ పిల్లలు దక్కుతాయేమో గానీ, చూడాల్సిన అసలు సంగతి అంతా చేజారిపోతుంది.

జిగురు ఒక్కటే చాలదు, మేత కూడా కావాలి. కోస్తా రొయ్య హేచరీల్లో పిల్లలకు మేతగా వాడే ఆర్టీమియా అనే ఉప్పునీటి చిరుప్రాణే దీనికీ మేలు. లీటరు నీళ్లలో పాతిక గ్రాముల ఉప్పు వేసి, చిటికెడు ఆర్టీమియా గుడ్లు కలిపి, ఎయిర్ పంపుతో బుడగలు పోనిస్తే ఒక రోజులో పొదుగుతాయి. గాలి ఆపితే పెంకులు పైకి తేలతాయి. అడుగున లైటు పెడితే నారింజ రంగు చిరుప్రాణులు అక్కడికి చేరతాయి. సన్నని గొట్టంతో లాగి, మంచినీళ్లతో కడిగి వేయాలి. తిన్న పిల్లల పొట్టలు నారింజ రంగుకు తిరుగుతాయి. అది కనిపిస్తే నిశ్చింతగా ఉండొచ్చు.

పిల్లలు ఎక్కువైతే చెరువులో వదిలేద్దామని దయచేసి అనుకోకండి. అక్వేరియం అద్దాలు శుభ్రం చేస్తుందని తెచ్చిన సక్కర్ చేప ఇవాళ గోదావరి, కృష్ణా జిల్లాల చెరువుల్లో దెయ్యం చేపై రైతుల వలల్ని చింపుతోంది.

నా ట్యాంకులో రెండో నెల దాటేసరికి అరవై మూడు పిల్లలు మిగిలాయి. పెద్దవి మళ్లీ రాయి గీకడం మొదలుపెట్టి, పిల్లల్ని తరమసాగాయి. పిల్లల్ని వేరే ట్యాంకుకి మార్చాను. రోజూ ఆ అద్దానికి ముక్కు ఆనించి చూసే పక్కింటి అమ్మాయికి ఆరు పిల్లల్ని, ఒక చదునైన నల్లరాయిని ఇచ్చాను.