ఎక్స్, వై అక్షరాల మీద మన అపోహలు

విశాఖలో ఒక ల్యాబులో క్రోమోజోములు, అంటే కణాల్లో జన్యువులను మోసే పోగులు, చూడడం నా పని. రక్తంలోని కణాలను 3 రోజులు పెంచి, అవి విభజన చెందే దశలో ఆపి, రంగు వేసి మైక్రోస్కోపు కింద లెక్కపెడతాం. మామూలుగా 20 కణాలు చూశాకే రిపోర్టు రాస్తాం. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు అడిగే ప్రశ్నలు మాత్రం ఇంటికెళ్లాక కూడా నన్ను వదలవు.

అపోహ: వరసగా ఆడపిల్లలు పుడితే లోపం కోడలిది.

"ముగ్గురూ ఆడపిల్లలేనండి మేడమ్, మా కోడలికి ఏటి లోపమో చూడండి" అని గాజువాక నుంచి, పెందుర్తి నుంచి వచ్చే అత్తగార్లు ఇప్పటికీ అడుగుతారు. వాస్తవం ఏమిటంటే, తల్లి అండం ఇచ్చేది ఎక్స్ క్రోమోజోమునే. తండ్రి శుక్రకణాల్లో దాదాపు సగం ఎక్స్‌వి, సగం వైవి. అండంలో ఎక్స్ కలిస్తే మామూలుగా ఆడపిల్ల, వై కలిస్తే మగపిల్లాడు. "అయితే మావాడిదా తప్పు?" అని వెంటనే మొహం చిన్నబుచ్చుకుంటారు. కాదమ్మా, అది అతని చేతిలోనూ లేదు. నాలుగో కాన్పులోనూ అవకాశం ఇంచుమించు సగం సగమే. అమెరికాలో నెట్టీ స్టీవెన్స్ అనే శాస్త్రవేత్త పిండిపురుగుల కణాలు పరిశీలించి, చిన్న క్రోమోజోము (ఇప్పుడు మనం వై అంటున్నది) ఉన్న శుక్రకణం వల్ల మగ పురుగు పుడుతుందని 1905లోనే చెప్పింది. ఇన్నేళ్లయినా మన కోడళ్లు మాట పడుతూనే ఉన్నారు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

అపోహ: మందు తింటే మగబిడ్డ పుడతాడు.

నెల తప్పిందని తెలిసేసరికే ఏ క్రోమోజోము వచ్చిందో తేలిపోయి ఉంటుంది. ఏముందో తెలియని మందు తొలి నెలల్లో బిడ్డకు హాని చేయగలదు, దయచేసి వద్దు. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పమని మమ్మల్నీ అడగకండి. 1994 నాటి చట్టం ప్రకారం అది నేరం.

అపోహ: ఎక్స్ఎక్స్ అయితే ఆడ, ఎక్స్‌వై అయితే మగ, అంతకుమించి ఏమీ లేదు.

చాలామంది విషయంలో ఇది నిజమే, కానీ అందరి విషయంలో కాదు. సుమారు ఆరో వారం దాకా పిండంలో ఉండే గ్రంథులు అండాశయాలూ కాగలవు, వృషణాలూ కాగలవు. వై క్రోమోజోముకున్న రెండు కొమ్మల్లో పొట్టిదాని చివర ఉండే ఎస్ఆర్‌వై అనే జన్యువు పనిచేస్తే అవి వృషణాలవుతాయి. దీన్ని 1990లో లండన్ పరిశోధకులు గుర్తించారు. మరుసటి ఏడాది ఎక్స్ఎక్స్ ఎలుక పిండంలో ఈ జన్యువును చేర్చితే అది మగ ఎలుకగా పెరిగింది. మనుషుల్లోనూ అరుదుగా తండ్రి శుక్రకణాలు తయారయ్యేటప్పుడు ఈ ముక్క వై నుంచి ఎక్స్ మీదకు వెళ్లిపోతుంది. అప్పుడు ఎక్స్ఎక్స్ ఉన్న మగపిల్లవాడు పుడతాడు.

ఇక ఈడొచ్చినా పెద్దమనిషి కాలేదని తీసుకొచ్చిన అమ్మాయి రిపోర్టులో 46 (మొత్తం క్రోమోజోముల లెక్క), ఎక్స్‌వై అని వస్తే తల్లికి కాళ్లు చేతులు ఆడవు. దీనికి ఒక్కటే కారణం ఉండదు. కొందరిలో వృషణాలు కడుపులోనే ఉండి మగ హార్మోను తయారు చేస్తాయి, కానీ ఆ హార్మోనును అందుకునే జన్యువు పనిచేయదు. ఆ జన్యువు ఉండేది ఎక్స్ మీద. దాంతో శరీరం ఆడపిల్లగానే ఎదుగుతుంది, గర్భసంచి మాత్రం ఉండదు. ఇంకొందరిలో ఎస్ఆర్‌వై గానీ, దాని తరవాతి మెట్టులో ఉన్న వేరే జన్యువు గానీ దెబ్బతిని వృషణాలే తయారు కావు. వీళ్లకు గర్భసంచి ఉంటుంది. హార్మోను మాత్రలతో నెలసరి తెప్పించవచ్చు, దాత అండంతో కొందరు తల్లులు కూడా అయ్యారు. ఎదగని ఆ గ్రంథుల్లో గడ్డలు వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి వాటిని తీసేయమంటారు. "ఇన్నాళ్లూ మగపిల్లాడిని పెంచామా?" అని ఒక తల్లి నన్ను అడిగింది. లేదమ్మా, ఆమె మీ అమ్మాయే. రిపోర్టు ఆమె పేరు మార్చదు, ఆమెను మార్చదు.

అసలు ఎక్స్, వైల లెక్క అన్ని జీవులదీ కాదు. మన ఆర్కే బీచ్ ఒడ్డున గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లలో ఇసుక వేడిని బట్టి ఆడో మగో తేలుతుంది, వేడి ఎక్కువైతే ఆడపిల్లలే ఎక్కువ. మనం కూర వండుకునే పండుగప్ప సాధారణంగా మగగా మొదలై పెద్దయ్యాక ఆడగా మారుతుంది.

అపోహ: బిడ్డ ఆడో మగో పోల్చుకోలేకపోతే గ్రహణం పట్టినట్టు.

గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. దీనికి ఒక ముఖ్య కారణం 6వ క్రోమోజోము మీది జన్యువు. అది పనిచేయకపోతే మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథిలో మగ హార్మోను ఎక్కువై, ఎక్స్ఎక్స్ ఉన్న ఆడబిడ్డ మగపిల్లాడిలా కనిపించవచ్చు. తల్లిదండ్రులిద్దరూ ఆ లోపాన్ని మోస్తుంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాల్లో ఇద్దరూ ఆ లోపాన్ని మోసే అవకాశం పెరుగుతుంది. కొందరు బిడ్డల్లో పుట్టిన ఒకటి రెండు వారాల్లోనే ఉప్పు నిల్వలు పడిపోయి, వాంతులు, నీరసంతో ప్రాణం మీదకు వస్తుంది. మగబిడ్డల్లో బయటికి తేడా కనిపించదు కాబట్టి వాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, మందులతో బతుకుతారు.

15 ఏళ్లు నిండినా అమ్మాయి పెద్దమనిషి కాకపోతే, 13 దాటినా రొమ్ములు ఎదగడం మొదలవకపోతే, పెళ్లి సంబంధాలు చూసేదాకా ఆగకుండా డాక్టరుకు చూపించండి. మా పరీక్షకు పరగడుపున రానక్కర్లేదు, కొద్దిగా రక్తం చాలు. ఫలితం వచ్చాక ముందుగా ఆ అమ్మాయికే, తలుపు వేసి, నెమ్మదిగా చెప్పమని మీ డాక్టరును అడగండి.