నిమ్మాకుల మీద చారలా? ముందు ఆ కత్తెర లోపల పెట్టండి

బెంగళూరులో వానలు పడి నిమ్మ మొక్కలు చిగురేశాయంటే నాకు ఫోన్లు మొదలు. "ఆకుల మీద పాము పాకినట్టు వెండి చారలండీ. అన్నీ కత్తిరించేశాను, ఇప్పుడేం చెయ్యాలి?" కత్తిరించేశాక అడుగుతారు, అదీ నా బాధ.

ఆ చారలు వైరస్ కాదు, పక్కింటివాళ్ల దిష్టి అంతకన్నా కాదు. 2 మిల్లీమీటర్ల రెక్కల పురుగు లేత చిగురు మీద గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు ఆకు పైపొర కిందికి దూరి తింటూ వంకరటింకరగా పోతుంది. చార మధ్యలో సన్నటి నల్లగీత దాని రెట్టే. చివరికి ఆకు అంచు మడుచుకుని అందులో ప్యూపా (రెక్కలొచ్చే ముందు కదలకుండా ఉండే దశ) అవుతుంది. 1856లో స్టెయిన్‌టన్ అనే ఇంగ్లండు పురుగుల శాస్త్రవేత్త దీనికి ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా అని పేరు పెట్టింది మన కలకత్తాలో దొరికిన పురుగుల్ని చూసే.

"చారలున్న ఆకులు తీసేస్తే పురుగు పోతుంది" అన్నదే కొంప ముంచే అపోహ. ముదురాకు దానికి అక్కర్లేదు, లేతాకే కావాలి. కత్తిరించిన ప్రతిసారీ మొక్క కొత్తగా చిగురేస్తుంది, అంటే పురుగుకి మళ్లీ విస్తరేసినట్టే. చారలున్నా పచ్చగా ఉన్న ఆకు మొక్కకి తిండి తయారుచేస్తూనే ఉంటుంది.

మారతహళ్లిలో ఒక నెల్లూరు పిన్నిగారు గూడూరు నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న మొక్క. నేను మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ గుండు. మూడోసారి ఆకొకటి ఎండకి ఎత్తి పట్టి, చార చివర పసుపుపచ్చ పిల్లని చూపించాను. "ఇంతేనా? దీనికోసమా నేను నిద్రమానుకుంది!" అన్నారు. ఆవిణ్ణేమంటాం? నేనూ మొదట్లో మా మేడ మీద బత్తాయికి ఇదే చేశాను.

గజ్జి తెగులు మాత్రం వేరే సంగతి. చారల దారిన అది లోపలికి దిగుతుంది. చుట్టూ పసుపు వలయంతో గరుకు మచ్చలు కనిపిస్తే ఆ ఆకులు తీసెయ్యండి.

మిగతావి గబగబా. ఘాటు మందులా? పొర కింద పిల్లకి సరిగా అందవు, దాన్ని చంపే బుల్లి కందిరీగలే పోతాయి. వేపనూనె కొట్టాలంటే చిగురు అంగుళం ఉన్నప్పుడే, సాయంత్రంపూట. చిగుళ్లు తెప్పించే యూరియా వద్దు. టమాటా మీద చారలు వేరే పురుగు, ఒక ఈగ పని, దానికి నిమ్మని తప్పుపట్టకండి. కాయలు నిశ్చింతగా వాడుకోవచ్చు.

పిన్నిగారు ఆర్నెల్లుగా కత్తెర ముట్టలేదు. మొన్న ఫోన్ చేసి, "పూత కనపడుతోందయ్యా, చారలు కూడా ఉన్నాయనుకో" అన్నారు.