జబ్బవాపు గొడవ: రిపోర్టులో ఉన్న పేరే చంపిందా?

తొలకరి పడింది, పశువులను చంపే జబ్బవాపు (బ్లాక్ క్వార్టర్) గొడవ మళ్లీ మొదలైంది. ఎప్పుడూ ఉండేదే. టీకా వేయించిన కోడెదూడ సాయంత్రం కుంటుతుంది, తెల్లారేసరికి చచ్చి ఉంటుంది. హైదరాబాద్ ల్యాబు నుంచి ‘క్లాస్ట్రీడియం సెప్టికం’ అనే బ్యాక్టీరియా పేరుతో రిపోర్టు వస్తుంది. ఇది జబ్బవాపు కాదు, టీకా తప్పేం లేదంటారు అధికారులు. తొడ నొక్కితే తోలు కింద గాలి చిటపటమనడం తన చేతికే తెలిసిన రైతు మాత్రం ఒప్పుకోడు.

దొమ్మ (ఆంత్రాక్స్) వేరు, జబ్బవాపు వేరని 1870లు ముగిసేనాటికే తేలింది. ఆ కథ ఇక్కడ అక్కర్లేదు. చిక్కంతా దగ్గరి చుట్టాలైన రెండు బ్యాక్టీరియాలతో. జబ్బవాపు తెచ్చేది క్లాస్ట్రీడియం షోవియై. దాని స్పోర్లు (గట్టి పొరలో నిద్రపోయే రూపం) మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. సెప్టికం కూడా మట్టిలో ఉంటుంది, గాయంలోంచి చేరి పశువును చంపగలదు కూడా. కానీ అది పేగుల్లోనూ ఉంటుంది. పశువు ప్రాణం పోగానే కండల్లోకి పాకుతుంది. ల్యాబులో ప్లేటు మీద పెంచితే గబగబా పరుచుకుని షోవియైని కప్పేస్తుంది. కండ కోస్తే నల్లగా, స్పాంజిలా, పాడైన వెన్న వాసనతో ఉన్నా, పరీక్షకు ముక్క ఆలస్యంగా తీస్తే కనిపించేది సెప్టికమే. (ముక్కులోంచి గడ్డకట్టని నెత్తురు కారుతుంటే మాత్రం అసలు కోయకూడదు, అది దొమ్మ కావచ్చు.)

2000 ప్రాంతంలో దీనికి పీసీఆర్ (జన్యువును వెతికే పరీక్ష) వచ్చాక కథ మారింది. బ్యాక్టీరియాను పెంచే పని లేకుండా కండలోనే షోవియై జన్యువును పట్టుకోవచ్చు. 2012లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. షోవియై వదిలే సీసీటీఏ అనే విషాన్ని గుర్తించారు. అది కణాల పొరకు చిల్లులు పెడుతుంది. ఆ విషంతో చేసిన టీకా గినీ పందులను కాపాడింది కూడా. అంతవరకూ షోవియై దేనితో చంపుతుందో సరిగ్గా తెలియకుండానే వందేళ్లకు పైగా టీకాలు వేశాం!

కాబట్టి ప్లేటు మీద సెప్టికం పెరిగిందన్న ఒక్క మాటతో రైతును తిప్పి పంపడం కుదరదు. చచ్చిన ఎన్ని గంటలకు ముక్క తీశారు, షోవియై కోసం పీసీఆర్ చేశారా అన్నవి అడగాలి.

టీకా వైపూ ఒక ప్రశ్న ఉంది. హైదరాబాద్ శాంతినగర్‌లోని ప్రభుత్వ పశు టీకాల సంస్థ వీబీఆర్ఐలో తయారైనదైనా, బయటి కంపెనీదైనా, రక్షణ రావడానికి రెండు వారాలైనా పడుతుంది. దూడకు సూది వేసింది వానకు ముందా, వాన పడ్డాకా?