క్యాసెట్ కొరికిన ఫ్రీహబ్

సైకిల్ వెనక చక్రానికి ఉండే గేర్ల దొంతరను క్యాసెట్ అంటారు. దాన్ని బిగించి ఉంచే లాక్‌రింగ్ విప్పేశాక క్యాసెట్ మొత్తం చేతిలోకి జారి రావాలి. కొన్ని సైకిళ్ళలో రాదు. చిన్న స్ప్రాకెట్లు (దొంతరలోని పళ్ళ చక్రాలు) ఒకటి రెండు ఊడతాయి, ఆ తర్వాతది మాత్రం అతికించినట్టు అక్కడే ఉండిపోతుంది. తంటాలు పడి తీసి చూస్తే, క్యాసెట్ కూర్చునే అల్యూమినియం ఫ్రీహబ్ బాడీ మీద వరసగా సన్నని గాట్లు కనిపిస్తాయి, ఒక్కో స్ప్రాకెట్ కూర్చున్నచోట ఒక్కోటి. అది చూసి హబ్ (చక్రం మధ్య భాగం) పనైపోయిందనుకునేవాళ్ళు చాలామంది. చాలాసార్లు అంత భయపడాల్సిన పని లేదు. కానీ ఆ గాట్లు ఎలా పడ్డాయో తెలిస్తేనే దేన్ని బాగుచేయాలో, దేన్ని వదిలేయాలో, బాడీని ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది.

వెనక చక్రం హబ్‌కు కుడివైపున ఉండే గొట్టంలాంటి భాగమే ఫ్రీహబ్ బాడీ. తొక్కినప్పుడు ఇది హబ్‌ను పట్టుకుని తిప్పుతుంది, తొక్కడం ఆపితే వదిలేస్తుంది. పాతకాలంలో ఈ యంత్రాంగం, గేర్లు అన్నీ ఒకే ముద్దగా హబ్ మరలకు బిగించి ఉండేవి. షిమానో కంపెనీ 1978లో ఫ్రీహబ్‌ను తెచ్చాక గేర్లు విడిగా, బాడీ విడిగా అయ్యాయి. బాడీ పొడవునా స్ప్లైన్లు అనే గట్లు ఉంటాయి, స్ప్రాకెట్ లోపలి అంచుకు వాటికి సరిపోయే గాడులు ఉంటాయి. బాగా వ్యాప్తిలో ఉన్న షిమానో హైపర్‌గ్లైడ్ పద్ధతిలో ఇలాంటివి తొమ్మిది. వాటిలో ఒకదాని వెడల్పు వేరుగా ఉంటుంది కాబట్టి స్ప్రాకెట్‌ను ఒక్క తీరులోనే ఎక్కించగలం.

ఇక బలాల లెక్క చూద్దాం. 70 కిలోల మనిషి సీటు మీంచి లేచి, తన బరువంతా ముందుకు చాచిన పెడల్ మీద మోపాడనుకోండి. పెడల్‌ను మోసే చెయ్యి, అంటే క్రాంక్, పొడవు 170 మిల్లీమీటర్లు. ముందు, వెనక పళ్ళ సంఖ్య ఒకటే అయితే, క్రాంక్ దగ్గర పుట్టిన మెలితిప్పు (టార్క్) అంతా అలాగే వెనక హబ్‌కు చేరుతుంది. కానీ బాడీ మధ్య నుంచి స్ప్లైన్‌కు ఉన్న దూరం సుమారు 17 మిల్లీమీటర్లే. దూరం పదో వంతుకు తగ్గింది గనక బలం పదింతలు కావాలి. అంటే ఆ స్ప్లైన్లన్నీ కలిసి ఇంచుమించు 700 కిలోల బరువుకు సమానమైన నెట్టుడును భరించాలి!

స్ప్రాకెట్ మందం 1.6 నుంచి 1.8 మిల్లీమీటర్లు. స్ప్లైన్ ఎత్తు కూడా అంతంతమాత్రమే. అందుకని ఒక్కో స్ప్లైన్ దగ్గర ఉక్కు, అల్యూమినియం తగిలే చోటు రెండు మూడు చదరపు మిల్లీమీటర్లు మించదు. తొమ్మిది స్ప్లైన్లూ సమానంగా పంచుకుంటే చదరపు మిల్లీమీటరుకు 250 నుంచి 380 న్యూటన్ల ఒత్తిడి. 6061-టీ6 రకం అల్యూమినియం సుమారు 275 దగ్గరే శాశ్వతంగా వంగడం మొదలెడుతుంది. ఇంకా గట్టిదైన 7075-టీ6 దాదాపు 500 వరకు ఓర్చుకుంటుంది. అయితే సమానంగా పంచుకోవడం అన్నది కాగితం మీది మాట. తయారీలో మిగిలే సూక్ష్మమైన తేడాల వల్ల కొత్త స్ప్రాకెట్ మొదట రెండు మూడు స్ప్లైన్లకే ఆనుతుంది. అప్పుడు ఒత్తిడి మూడింతలు దాటుతుంది. సన్నని తీగ సబ్బులో దిగినట్టు ఉక్కు స్ప్రాకెట్ అల్యూమినియంలోకి దిగుతుంది.

నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఆ తర్వాత జరిగేది. మొదట ఆనిన స్ప్లైన్లు కాస్త లొంగగానే స్ప్రాకెట్ రవ్వంత తిరుగుతుంది, ఇంతవరకు ఖాళీగా ఉన్న మిగతా స్ప్లైన్లు కూడా భారం అందుకుంటాయి. నొక్కుకుపోయిన లోహం కూడా ముందుకన్నా కొంచెం గట్టిపడుతుంది. అందుకే గాటు మొదట్లో త్వరగా పడి, తర్వాత నెమ్మదిస్తుంది. అంతకంటే పెద్ద బలం పడితేనే మళ్ళీ లోతుకు దిగుతుంది. కొత్త బాడీ మీద కొద్ది వారాలకే గీతలు కనిపించాయని కంగారు పడనక్కర్లేదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఇంకో సంగతి గమనించాలి. ఇక్కడ లోహం రాపిడికి అరిగిపోయి రాలిపోవడం లేదు, పక్కకు నెట్టబడుతోంది. అలా నెట్టిన లోహం గాటు అంచుల్లో చిన్న గట్టులా పైకి లేస్తుంది. స్ప్రాకెట్‌ను బయటకు రానివ్వనిది గాటు ఒక్కటే కాదు, ఈ లేచిన అంచు కూడా. వానలో, చెమట ఉప్పులో తిరిగిన సైకిలైతే ఉక్కు, అల్యూమినియం కలిసేచోట తుప్పు కూడా తోడై పట్టు బిగుస్తుంది.

పెద్ద స్ప్రాకెట్ల మీద మెలితిప్పు ఎక్కువే అయినా, మంచి క్యాసెట్లలో వాటిని రెండు మూడు కలిపి క్యారియర్ అనే వెడల్పాటి చట్రానికి బిగిస్తారు. అందుకే గాట్లు ఎక్కువగా విడివిడిగా ఉండే మధ్య స్ప్రాకెట్ల దగ్గర కనిపిస్తాయి. చవక క్యాసెట్లలో క్యారియర్ ఉండదు, పెద్దవి కూడా నేరుగా బాడీనే కొరుకుతాయి.

ఇరుక్కున్న స్ప్రాకెట్‌ను తీయడానికి వెనక నుంచి స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదోయకండి. ఒకపక్క లేస్తే స్ప్రాకెట్ ఒరిగి ఇంకా బిగుస్తుంది, స్పోకులకు దెబ్బ. దాన్ని వచ్చిన దారినే వెనక్కి తిప్పాలి. అంటే గేర్లవైపు నుంచి చూస్తూ గడియారం ముల్లుకు ఎదురుగా. ఆ దిశలో బాడీ వట్టిగా తిరిగిపోతుంది కాబట్టి ఒక్క చైన్ విప్ (స్ప్రాకెట్‌ను పట్టుకునే గొలుసు ముక్క ఉన్న పిడి) సరిపోదు. ఒకటి ఇరుక్కున్న స్ప్రాకెట్‌కు వేసి వెనక్కి లాగుతూ, రెండోది ఇంకో స్ప్రాకెట్‌కు వేసి ముందుకు పట్టి ఉంచాలి. వేరే స్ప్రాకెట్ ఏదీ మిగలకపోతే, తీసేసినవాటిలో ఒకదాన్ని మళ్ళీ బాడీ మీదికి ఎక్కిస్తే చాలు. గాటులోంచి కాస్త వెనక్కి జరిగిందంటే నేరుగా పైకి జారుతుంది.

తర్వాత ఆకురాయి పని. సన్నపళ్ళ చదును ఆకురాయితో పైకి లేచిన అంచును మాత్రమే స్ప్లైన్ పొడవునా రాయండి, అసలు గట్టుతో సమం కాగానే ఆపేయండి. గాటు అడుగు మాయమయ్యేదాకా రాస్తే స్ప్లైన్ మొత్తం సన్నబడి కొత్త స్ప్రాకెట్లన్నీ వదులవుతాయి. ఇక్కడే చాలా బాడీలు అనవసరంగా పాడవుతాయి. రజను బేరింగ్ సీల్ లోపలికి పోకుండా ముందే గుడ్డ చుట్టుకోవాలి. గాటును ఎపాక్సీ జిగురుతో పూడ్చినా లాభం లేదు, అంత ఒత్తిడికి అది నిలవదు. వెల్డింగ్ ఇంకా నష్టం. ఆ వేడికి అల్యూమినియం, తయారీలో ఉష్ణసంస్కారం (హీట్ ట్రీట్‌మెంట్) వల్ల వచ్చిన గట్టిదనం కోల్పోయి మెత్తబడుతుంది.

లాక్‌రింగ్ సరిగ్గా బిగించినా స్ప్రాకెట్లు ఊగుతుంటే, గాటు స్ప్లైన్ వెడల్పులో పెద్ద భాగాన్ని తినేసి ఉంటే, ఎక్కడైనా పగులు కనిపిస్తే బాడీని మార్చేయాలి. చాలా హబ్‌లలో బాడీ ఒక్కటే విడిగా దొరుకుతుంది, చక్రం మొత్తం మార్చనక్కర్లేదు.

కంపెనీలు కూడా ఈ సమస్యతో చాలాకాలంగా కుస్తీ పడుతున్నాయి. కాంపాగ్నోలో స్ప్లైన్లు లోతైనవి, తగిలే చోటు ఎక్కువ. నోవాటెక్ కొన్ని అల్యూమినియం బాడీల మీద స్ప్లైన్ పక్కన సన్నని ఉక్కు పట్టీ పొదుగుతుంది. షిమానో 2018లో తెచ్చిన మైక్రో స్ప్లైన్‌లో 23 చిన్న స్ప్లైన్లు భారం పంచుకుంటాయి. అన్నిటికంటే సూటి మార్గం ఉక్కు బాడీయే. బరువు కొన్ని పదుల గ్రాములు పెరుగుతుంది, అదీ చక్రం మధ్యలో. పోటీల్లో పాల్గొనేవాళ్ళు తప్ప ఆ తేడా కోసం టెన్షన్ పడాల్సింది ఏమీ లేదని నా అభిప్రాయం. పెడల్ దగ్గరే మోటార్ ఉండే ఎలక్ట్రిక్ సైకిళ్ళకైతే ఉక్కు తప్ప ఇంకోటి సిఫారసు చేయను. అక్కడ మోటార్ మెలితిప్పు కాళ్ళ బలానికి తోడవుతుంది.

అల్యూమినియం బాడీనే ఉంచుకుంటే స్ప్లైన్ల మీద పలచగా గ్రీజు రాయండి, తుప్పు పట్టదు. లాక్‌రింగ్‌ను టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచి చూపే పానాతో) 40 న్యూటన్ మీటర్లకు బిగించండి. కొత్త క్యాసెట్ వేశాక కొన్ని రోజులు తొక్కి, లాక్‌రింగ్ బిగువును మరోసారి సరిచూడండి.