డెబియన్‌కి మీరూ వార్తలు రాయొచ్చు!

పిల్లలూ,

మొన్న సెలవులకి వచ్చినప్పుడు అడిగారు కదా, "తాతయ్యా, మాకు కోడింగ్ ఇంకా సరిగ్గా రాదు, డెబియన్‌కి మేమేం చెయ్యగలం?" అని. భోజనాల హడావిడిలో అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. వార్తలు రాయండి. డెబియన్ అంటే లినక్స్ మీద నడిచే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ కదా, 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన దగ్గర్నుంచీ దాన్ని నడిపిస్తున్నది ఇష్టపడి పనిచేసేవాళ్లే. ఎవరో రాత్రంతా కూర్చుని ఒక బగ్ సరిచేస్తారు, ఆ సంగతి రాసేవాళ్లు లేకపోతే వాడేవాళ్లకి తెలియదు, చేసినవాళ్లకి ఒక మంచి మాటా దక్కదు.

రాయడమంటే ఏంటో ఒక్క ఉదాహరణతో చెప్తాను. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే డెవలపర్ ఒక విషయం బయటపెట్టాడు. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటా అని తవ్వుకుంటూ పోతే, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలనే దొంగదారి పెట్టారని తేలింది. ఇప్పుడు మీరు "లినక్స్‌లో దొంగదారి, అందరూ జాగ్రత్త" అని రాశారనుకోండి, ఆస్పత్రిలోనో కాలేజీలోనో సర్వర్లు చూసుకునే మనిషికి టెన్షన్ తప్ప ఏం మిగులుతుంది? డెబియన్ సెక్యూరిటీ టీమ్ ఎంత పద్ధతిగా చెప్పిందో చూడండి: అందరూ వాడే స్టేబుల్ వెర్షన్లకి దెబ్బ తగిలినట్టు తెలియలేదు, చెడ్డ ప్యాకేజీలు వెళ్లింది ఇంకా తయారీలో ఉండే టెస్టింగ్, అన్‌స్టేబుల్, ఎక్స్‌పెరిమెంటల్‌లోకి, అవి వాడేవాళ్లు వెంటనే అప్‌డేట్ చేసుకోండి. నేను టెర్మినల్ తెరిచి నా స్టేబుల్ మెషిన్‌లో వెర్షన్ చూసుకుంటే 5.4.1 అని వచ్చింది, అప్పుడుగానీ మనసు కుదుటపడలేదు. ఎవరికి, ఏ వెర్షన్‌కి, ఇప్పుడేం చెయ్యాలి, ఈ మూడూ మొదటి రెండు వాక్యాల్లోనే రావాలి. ఎవరో షేర్ చేసింది చూసి కాదు, ఆ పని చేసినవాళ్లు రాసిన మూలం చదివి రాయాలి.

డ్రాఫ్ట్‌ని మార్క్‌డౌన్ అనే తేలికైన గుర్తుల పద్ధతిలో రాస్తారు, అది డెబియన్ వాళ్ల సల్సా సైట్‌లో, ఎవరేం మార్చారో గుర్తుపెట్టుకునే గిట్‌లో ఉంటుంది, తలా ఒక చెయ్యి వేస్తారు. మీ వాక్యం మీద ఎవరో గీత కొట్టేస్తే చిన్నబుచ్చుకోకండి. నేను మొదటిసారి రాసినప్పుడు "చాలామంది పనిచేశారు" అని పెట్టాను, ఒకాయన "ఎవరెవరు?" అని ఒక్క మాట అడిగాడు. పేర్లు వెతకడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది, అందులో అనువాదాలు చేసిన ఒకమ్మాయి పేరు నేను పూర్తిగా వదిలేశానని అప్పుడే తెలిసింది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంకోటి, విడుదల ప్రకటనలు చాలా భాషల్లోకి వెళ్తాయి. 2025 ఆగస్టు 9న ట్రిక్సీ, అంటే డెబియన్ 13, వచ్చినప్పుడూ అంతే. మీరు మెలికలు తిప్పి రాసిన వాక్యం దగ్గర ఎక్కడో ఒక అనువాదకుడు గంటసేపు తల పట్టుకుంటాడు. పొట్టిగా, సూటిగా రాయండి.

పెద్ద వార్తే అక్కర్లేదు. ఆగస్టు 16 డెబియన్ పుట్టినరోజు, చాలా ఊళ్లలో చేసుకుంటారు. మీ కాలేజీలో నలుగురిని కూర్చోబెట్టి ఇన్‌స్టాల్ చేయించండి, దాని మీద రాయండి. "భారీగా హాజరయ్యారు" అని రాయొద్దు. పదిహేడు మంది వస్తే పదిహేడు అనే రాయండి, ఎన్ని ల్యాప్‌టాప్‌లలో వైఫై రాలేదో, దాన్ని ఎవరు ఎలా సరిచేశారో కూడా రాయండి. డ్రాఫ్ట్ అయ్యాక నాకూ పంపండి, కూర్చుని చదువుతాను.

ప్రేమతో,
తాతయ్య