మంచం పక్కన శిక్షణ: ఇంటి వైద్య సేవ నడిచొచ్చిన దారి

నెల్లూరు, ఒంగోలులలో పక్షవాతం వచ్చినవారిని, తుంటి ఎముక విరిగిన వృద్ధులను డిశ్చార్జి చేసిన రోజున ఇంట్లోవాళ్లు మొదట వాకబు చేసేది హోమ్ నర్సు గురించే. ఏజెన్సీ పంపే ఆ మనిషికి పని ఎవరు నేర్పారన్నది మాత్రం అరుదుగా అడుగుతారు.

మంచాన పడినవారి అవస్థ ఇక్కడ కొత్తది కాదు. తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బు మన దేశంలో తొలిసారి 1937లో నమోదైంది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఆ జిల్లాలోని కనిగిరి, పొదిలి తాలూకాలు 1970లో ప్రకాశం జిల్లాలో కలిశాయి. వెన్ను వంగక, లేవలేక ఉన్నవారికి తరతరాలుగా కోడళ్లు, కూతుళ్లే చాకిరీ చేశారు. దాన్ని నేర్చుకోవలసిన పనిగా ఎవరూ లెక్కించలేదు. శిక్షణ వెనకబడడానికి మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదలకు పెద్ద ఆపరేషన్లు అందాయి. 2019లో మొదలైన ఆరోగ్య ఆసరా కోలుకునే కాలానికి రోజుకు రూ.225, నెలకు రూ.5,000 మించకుండా ఇచ్చింది గాని, అది పోయిన కూలికి బదులే తప్ప ఇంట్లో సేవకు చెల్లింపు కాదు. 2015లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మొదలయ్యాక పేషెంట్ల సహాయకుల కోర్సులకు ఊతం దొరికింది. కరోనా కాలంలో, 2021 జూన్‌లో, కేంద్రం ప్రారంభించిన ఆరు స్వల్పకాలిక కోర్సుల్లో ఇంటి వద్ద సంరక్షణ ఒకటి.

అమెరికాలో దారి వేరు. 2000 అక్టోబరు నుంచి మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) అక్కడి ఏజెన్సీలకు విజిట్ల లెక్కన కాక, పేషెంటు స్థితిపై నర్సు రాసిన అంచనాను బట్టి 60 రోజులకు ఇంత అని చెల్లించసాగింది. 2020లో ఆ గడువు 30 రోజులైంది. నర్సు రాత తప్పితే రాబడి తప్పుతుంది కనుక వైద్యం, జమాఖర్చు కలిపి నేర్పక తప్పలేదు. ఇక్కడ డబ్బు కుటుంబానిది, కమీషన్ ఏజెన్సీది. నేర్పిన మనిషి వచ్చే నెల మరో చోటికి వెళ్లిపోతే ఖర్చు దండగని యజమానులు వెనకాడతారు.

అయితే ఆ లెక్క సగమే. పేషెంటును రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని, యూరిన్ బ్యాగును నడుము కంటే దిగువనే ఉంచాలని, ముక్కు గొట్టంలో పాలు పోసే ముందు తలవైపు ఎత్తాలని తెలియనిచోట వీపు మీద పుండు పడుతుంది, జ్వరం వస్తుంది, ఊపిరితిత్తుల్లోకి పాలు పోతాయి. పేషెంటు మళ్లీ ఆసుపత్రికి, హోమ్ నర్సు ఇంటికి. ఏజెన్సీకి ఆ నెల రాబడీ, ఆ వీధిలో పేరూ రెండూ పోతాయి. పగటి మనిషి రాత్రి మనిషికి అప్పగించే నోటుబుక్కులో తిప్పిన వేళలు, మూత్రం కొలత, ఇచ్చిన మాత్రలు రాయడం నేర్పితే, అదే డాక్టరుకు ఆధారం, అదే బిల్లుకు రుజువు. రెండు పట్టణాల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు, నర్సింగ్ కళాశాలలు ఉన్నాయి కనుక ఈ పాఠాలు చెప్పేవారికి కొదవ లేదు. శిక్షణ ఫీజు ఏజెన్సీలు పంచుకుని భరించాలి, హోమ్ నర్సు నెల జీతంలో కోయకూడదు.